తిన్నది ఒంటబట్టని జబ్బుపై గెలిచిన యల్లాప్రగడ

పిల్లాడు బాగానే తింటున్నాడు కానీ ఒంటబట్టడం లేదంటూ తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి తల్లులు ఆసుపత్రికి వస్తుంటారు. చాలామంది అప్పటికే రెండు మూడు రకాల టానిక్‌లు తాగించి ఉంటారు. తిన్నది పేగుల నుంచి రక్తంలోకి చేరకపోవడమనే ఇదే సమస్య ఓ తెలుగు శాస్త్రవేత్త జీవితాన్ని మలుపు తిప్పింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు వేసుకున్నారు. అది ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

యౌవనంలోనే ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. ఈ జబ్బులో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

మామగారి సాయంతో, విరాళాలతో సుబ్బారావు అమెరికా వెళ్లారు. మళ్లీ స్వదేశానికి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీపైనా పరిశోధించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. టెట్రాసైక్లిన్‌ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోనే వచ్చింది. నేటికీ స్ప్రూకు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్‌లే. బోదకాలుకు వాడే డీఈసీ, పిల్లల రక్తక్యాన్సర్‌కు తొలి మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

ఆయన జీవితం తల్లిదండ్రులకు చెప్పేది ఒకటే. ముందు కారణం తెలియాలి, ఆ తర్వాతే మందు. ఉదాహరణకు సిస్టిక్ ఫైబ్రోసిస్ పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధి. మన దగ్గర అరుదే కానీ లేకపోలేదు. ఇందులో చిక్కటి జిగురు క్లోమం నాళాలను మూసేస్తుంది. జీర్ణరసాలు పేగులోకి చేరవు. కొవ్వు అరగక విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుంది. కొవ్వుతోపాటే ఒంటికి చేరాల్సిన ఎ, డి, ఇ, కె విటమిన్లు వృథాగా పోతాయి.

ఇలాంటి బిడ్డకు మామూలు టానిక్ చాలదు. తిన్న ప్రతిసారీ ఎంజైమ్ క్యాప్సూల్, పై నాలుగు విటమిన్లు డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వాలి. నెయ్యి, గుడ్డు, వేరుశనగలు తగ్గించకూడదు, పెంచాలి. చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది కాబట్టి మన ఎండాకాలంలో అదనపు ఉప్పు కూడా అవసరం.

ఫోలిక్ యాసిడ్‌నూ సొంతంగా వాడొద్దు. బి12 లోపం ఉన్నవారికి ఇదొక్కటే ఇస్తే రక్తం మెరుగుపడినట్లు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

బిడ్డ బరువు పెరగకుండా, జిడ్డు విరేచనాలు, మాటిమాటికీ దగ్గు, న్యుమోనియా ఉంటే, ముద్దు పెట్టుకున్నప్పుడు చర్మం ఉప్పగా అనిపిస్తే పిల్లల డాక్టర్‌కు చూపించండి. చెమట పరీక్ష అవసరమేమో అడగండి. మరో టానిక్ సీసా కొనే ముందే ఆ పని చేయండి.