చదివిన వాక్యం ప్రకారం బతికిన పండిత రమాబాయి



పండిత రమాబాయి పేరు మీరు పాఠ్యపుస్తకాల్లో సంఘ సంస్కర్తల వరుసలో చదివే ఉంటారు. స్త్రీ విద్య కోసం, వితంతువుల కోసం ఆమె పాటుపడ్డారని అక్కడ రెండు మూడు వాక్యాలు ఉంటాయి. ఆ పని వెనుక ఉన్న విశ్వాసం గురించి, ఆమె వదలకుండా చదివిన గ్రంథం గురించి ఇక్కడ చెబుతాను.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టారు. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే గొప్ప పండితుడు. ఆడవాళ్ళకు సంస్కృతం చెప్పకూడదన్న కాలంలో ఆయన భార్య లక్ష్మీబాయికి చెప్పారు. ఆ తల్లి తెల్లవారకముందే లేపి రమాబాయికి పాఠం చెప్పేది. రోజూ పొద్దున్నే చదివే అలవాటు ఆమెకు అక్కడే పడింది. చిన్న వయసులోనే భాగవత శ్లోకాలు వేలకొద్దీ కంఠస్థం చేశారు.

కుటుంబం పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పురాణాలు చదివి బతికేది. 1870ల కరువులో మన తిరుపతి వైపు అడవుల్లో ఆకులు, ఈత పళ్ళు తిని రోజులు గడిపారు. తల్లిదండ్రులు, అక్క ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. మిగిలిన అన్నాచెల్లెళ్ళు దేశమంతా కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె పాండిత్యం చూసి 'పండిత', 'సరస్వతి' అనే బిరుదులిచ్చారు.

1880లో అన్న పోయాడు. అదే ఏడాది కులాన్ని కాదని బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును పెళ్ళాడారు. సిల్చార్‌లో భర్త పుస్తకాల మధ్య బెంగాలీలో ఉన్న లూకా సువార్త ఆమె కంటబడింది. కుతూహలంతో చదవడం మొదలుపెట్టారు. 1882లో భర్త కలరాతో మరణించాడు. చేతిలో పసిబిడ్డ మనోరమ మిగిలింది.

1883లో ఇంగ్లాండు వెళ్ళి, సెప్టెంబరు 29న వాంటేజ్‌లో కూతురితో సహా బాప్తిస్మం పొందారు. అయినా సంఘం చెప్పిన ప్రతి మాటకూ తల ఊపలేదు. తనను ఆదరించిన సిస్టర్లతోనే ఉత్తరాల్లో వాదించారు. ఈ సిద్ధాంతం గ్రంథంలో ఎక్కడుందో చూపమని అడిగారు. నమ్మకం తక్కువై అలా అడగలేదు. అరువు తెచ్చుకున్న నమ్మకం ఆమెకు వద్దు.

బాప్తిస్మమైన ఎనిమిదేళ్ళకు, 1891 ప్రాంతంలో, ఆమె తనను తాను పరీక్షించుకున్నారు. తనకు క్రైస్తవ మతం దొరికింది గానీ క్రీస్తు ఇంకా దొరకలేదని గ్రహించారు. అంత చదువుకున్న మనిషి ఆ సంగతి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అప్పటినుంచి ఆమె పఠనం తెలివి కోసం కాక, లోబడడం కోసం సాగింది.

1889లో బొంబాయిలో ప్రారంభించి, తర్వాత పుణెకు మార్చిన శారదా సదన్‌లో బాలికలు తమ ఆచారాలు పాటించుకునే స్వేచ్ఛ ఉండేది. అయితే ఆమె తలుపు తెరిచి ప్రార్థన చేసుకుంటుంటే కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవారు. దీనిపై 1893లో పెద్ద గొడవై సలహాదారులు తప్పుకున్నారు. చాలామంది తమ పిల్లల్ని తీసుకుపోయారు. ఆమె ఎవరినీ బలవంతపెట్టలేదు, తన ప్రార్థనను దాచుకోనూ లేదు.

1896-97 కరువులో ఆమె మధ్య పరగణాలకు స్వయంగా వెళ్ళి, ఆకలితో ఉన్న ఆడపిల్లల్ని పుణె దగ్గరి కేడ్గావ్‌కు తెచ్చారు. ఆకలి ఆమెకు తెలుసు కదా! 1900 నాటికి అక్కడి ముక్తి సదనంలో 1500 మంది ఉండేవారు. చదువుతోపాటు నేత, వ్యవసాయం, అచ్చుపని నేర్పారు. అంధ బాలికలకు బ్రెయిలీ నేర్పించారు. హాస్టల్‌లో పూటపూటకూ బియ్యం కొలిపించే నాకు, అన్ని పొయ్యిలు వెలిగించాలంటే ఎంత విశ్వాసం కావాలో కొంత అర్థమవుతుంది.

అప్పటి మరాఠీ బైబిలులో సంస్కృత పదాలు ఎక్కువ. పల్లె ఆడవాళ్ళకు అందేది కాదు. అందుకని నడివయసు దాటాక హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, సులువైన మరాఠీలో తానే అనువదించారు. ముక్తిలోని బాలికలే అక్షరాలు కూర్చి అచ్చువేశారు. సంస్కృత పండితురాలు పాండిత్యాన్ని పక్కనపెట్టి, చదువురాని తల్లి మాటను ఎంచుకున్నారు. 1921లో కూతురు మనోరమ చనిపోయినా ఆ పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న ఆమె కన్నుమూశారు. పూర్తి బైబిలు 1924లో వెలువడింది.

మనలో బైబిలు చదివేవారున్నారు, చదవనివారున్నారు. ఏది చదివినా రమాబాయిలా చదవండి. రోజూ కొంచెం చదవండి, అర్థం కానిది అడగండి. చదవడం రాని అమ్మకో అవ్వకో ఆ భాగాన్ని మన ఇంటి భాషలో చెప్పి చూడండి. చెప్పలేకపోతే మనకింకా అర్థం కాలేదన్నమాట. చెప్పగలిగితే, ఆ రోజు ఎవరి ఆకలి తీర్చగలమో, ఎవరికి అక్షరం నేర్పగలమో చూడండి. రమాబాయి చదివిన తీరు అదే.