డూడెన్: అక్షరముల కట్టుబాటు

జర్మనీలో ఉపాధ్యాయుడొక తీరుగను, ప్రూఫులు దిద్దువాడు వేరొక తీరుగను మాటలు వ్రాయుచుండిన కాలమున, 1829లో, వేసెల్ సమీపమున కొన్రాడ్ డూడెన్ జన్మించెను. పాఠశాలాధిపతియై, ఆ చిక్కును స్వానుభవమున ఎరిగి, 1880లో ఇంచుమించు 27,000 మాటల వర్ణక్రమ నిఘంటువును వెలువరించెను.

1901లో బెర్లిన్ సభ జర్మనుభాషకు ఉమ్మడి నియమములను కుదిర్చెను; అందు ఆయనయు పాల్గొనెను. అయినను ఆ నియమములు కొన్ని మాటలకు రెండేసి రూపములను అంగీకరించినవి. అచ్చు కూర్చువానికి ఒక్క రూపమే కావలెను గదా! అందుచే 1903లో, వార్ధక్యమున, ముద్రాపకులకై ప్రత్యేక గ్రంథము రచించి, ఒక్కొక్క మాటకు ఒక్క రూపమునే నిలిపెను.

పంక్తి చివర మాటను విరుచుటకును కట్టుబాటు కలదు. నాటి ఫ్రాక్టుర్ లిపిలో ‘ఎస్’, ‘టి’ అక్షరములు జంటగా ఒకే సీసపు అచ్చున ఉండెడివి; ఆ జంటను విడదీయరాదు.

డూడెన్ 1911లో గతించెను. ఆ జంట నియమము 1996 సంస్కరణమున తొలగెను; ఆయన పేరు మాత్రము నిఘంటువునకే పేరై నిలిచినది.