రాణి ప్రార్థన

హవాయి మూలవాసుల చివరి రాణి లిలియుఓకలాని 1838లో హోనలూలూలో జన్మించారు. క్రైస్తవ విశ్వాసంలో పెరిగారు. పాటలు కట్టడమంటే ఆమెకు ప్రాణం. 1891లో సింహాసనమెక్కారు. రెండేళ్లకే, 1893 జనవరిలో, అమెరికా మూలాలున్న వ్యాపారులు ఆ దేశ సైనికుల అండతో ఆమెను గద్దె దింపారు. 1895లో ఆమె సొంత ఇయొలాని రాజభవనంలోనే, మేడ మీది గదిలో బంధించారు.

ఆ మార్చిలో, ఆ గదిలోనే, మాతృభాషలో ఒక కీర్తన రాసి చెల్లెలి కూతురు కైయులానికి అంకితమిచ్చారు. అదే 'రాణి ప్రార్థన'. మనుషుల పాపాలను లెక్కించక క్షమించమని అందులో దేవుణ్ణి వేడుకున్నారు.

పగ విడిచారే గానీ ప్రజల హక్కును విడువలేదు. 1897లో వాషింగ్టన్‌లో ఉండి, హవాయిని అమెరికాలో కలపడాన్ని వ్యతిరేకిస్తూ నిరసన పత్రం ఇచ్చారు. అయినా మరుసటి ఏడాది విలీనం జరిగిపోయింది. 1917లో ఆమె కన్నుమూశారు.

రాజ్యం పోయింది, సొంత భాషలో ఆమె రాసిన ప్రార్థనను హవాయి చర్చిల్లో నేటికీ పాడుతున్నారు. యువ మిత్రులారా, మన భాషలోని పాటలనూ అలాగే కాపాడుకుందాం.