బ్రాకెట్ల వెనక మనిషి

జాన్ మెకార్థీ 1927 సెప్టెంబర్ 4న బోస్టన్‌లో పుట్టారు. నాన్నది ఐర్లండ్, అమ్మది లిథువేనియా. ఇద్దరూ బతుకుతెరువు కోసం అమెరికా వచ్చినవాళ్ళే, ఇద్దరూ కమ్యూనిస్టులే. మాంద్యం రోజుల్లో ఊళ్ళు మారుతూ చివరికి లాస్ ఏంజెలిస్ చేరారు. స్కూల్లో ఉండగానే ఈ కుర్రాడు క్యాల్‌టెక్‌లో వాడే మ్యాథ్స్ పుస్తకాలు సంపాదించి సొంతంగా చదివేశాడు. 1944లో అక్కడే చేరితే మొదటి రెండేళ్ళ మ్యాథ్స్ అక్కర్లేకుండా పోయింది. అలాంటివాణ్ణి కూడా కాలేజీ సస్పెండ్ చేసింది, పీటీ క్లాసులకి పోనందుకు! (అటెండెన్స్ బాధితులారా, మనకో పెద్దదిక్కు ఉన్నారు.) కొన్నాళ్ళు ఆర్మీలో ఉండి వచ్చి 1948లో డిగ్రీ, 1951లో ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే పేరు పెట్టింది ఆయనే, 1956 డార్ట్‌మత్ సమావేశం కోసం. అది అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా. నాకు నచ్చిన కథ 1958లో ఎంఐటీలో మొదలవుతుంది. మార్విన్ మిన్‌స్కీతో కలిసి ఆయన అడిగితే ఒక గది, ఇద్దరు ప్రోగ్రామర్లు, ఒక సెక్రటరీ, కార్డులకి చిల్లులు పెట్టే మెషీన్ ఇచ్చారు. వాటితోపాటు ఆరుగురు పీజీ స్టూడెంట్లు. లిస్ప్ పుట్టింది ఆ గదిలో, ఐబీఎమ్ 704 కోసం. అప్పటికి కంపైలర్ లేదు. ఫంక్షన్ రాస్తే దాన్ని అసెంబ్లీలోకి మార్చాల్సింది మనుషులే, చేత్తో.

ఈలోగా మెకార్థీ ఒక పేపర్ రాస్తున్నారు. ఏ లిస్ప్ ఎక్స్‌ప్రెషన్ విలువనైనా కనుక్కునే ఇవాల్ అనే ఫంక్షన్‌ని అందులో లిస్ప్‌లోనే రాసి చూపించారు. ఆయన దృష్టిలో అది థియరీ, చదువుకోడానికే. కానీ టీమ్‌లోని స్టీవ్ రస్సెల్, దీన్నే మెషీన్ కోడ్‌లో రాసేస్తే మనకో ఇంటర్‌ప్రెటర్ వచ్చేస్తుంది కదా అన్నాడు. థియరీకి, ప్రాక్టికల్‌కి తేడా తెలియడం లేదని మెకార్థీ కొట్టిపారేశారు. రస్సెల్ వినలేదు, రాసేశాడు. అది పనిచేసింది! ఆ తర్వాత ఈ కథని మెకార్థీయే అందరికీ చెప్పేవారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది లిస్ప్ కనిపెట్టినందుకు కాదు, ఇది దాచుకోనందుకు.

1962లో టిమ్ హార్ట్, మైక్ లెవిన్ ఇంకో అడుగు వేశారు. లిస్ప్ కంపైలర్‌ని లిస్ప్‌లోనే రాసి, ఇంటర్‌ప్రెటర్‌లో నడిపి, దానికి దాని కోడే తినిపించారు. తనని తానే కంపైల్ చేసుకుంది. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఎస్‌బీసీఎల్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేయాలన్నా ముందు ఇంకో కామన్ లిస్ప్ కావాలి. పాలు తోడెయ్యడానికి పక్కింటి పెరుగు అడిగినట్టు.

అదే 1962లో ఆయన స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళలో మన కాటూరు కుర్రాడు రాజ్ రెడ్డి ఒకరు. గురువుకి 1971లో, శిష్యుడికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1978లో మెకార్థీ భార్య, పర్వతారోహకురాలు వెరా వాట్సన్ అన్నపూర్ణ శిఖరం మీద చనిపోయారు. ఆయన గురించి వచ్చే టెక్ వ్యాసాల్లో ఈ సంగతి ఒక లైనుకి మించి ఉండదు. నేనూ అంతే రాయగలుగుతున్నా.

లిస్ప్ మాత్రం పెరిగి ముక్కలైంది. ఒక్కో ల్యాబ్‌కి ఒక్కో లిస్ప్, ఒకచోట కోడ్ ఇంకోచోట నడవదు. వాటిని కలపడానికే కామన్ లిస్ప్ వచ్చింది, 1994లో ఆన్సీ స్టాండర్డ్ అయింది. కానీ పది ఫైళ్ళున్న ప్రాజెక్టుని ఏ వరుసలో కంపైల్ చేయాలో, లైబ్రరీలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో అందులో లేదు. మొదటి పని తర్వాత ఏఎస్‌డీఎఫ్ చేసింది, రెండోది క్విక్‌లిస్ప్. ఏఎస్‌డీఎఫ్‌కి ఇచ్చే ఫైల్ తెరిచి చూడండి. ప్రాజెక్ట్ పేరు, దానికి కావలసిన లైబ్రరీలు, ఫైళ్ళ వరుస అన్నీ బ్రాకెట్లలోనే ఉంటాయి. అది వివరాల పట్టిక, అదే లిస్ప్ కోడ్ కూడా. డేటాకీ ప్రోగ్రామ్‌కీ రూపం ఒకటే అన్న 1958 నాటి ఆలోచన బిల్డ్ ఫైల్లో కూడా దొరుకుతుంది.

క్విక్‌లిస్ప్ బీటా 2010లో వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబర్ 24న మెకార్థీ స్టాన్‌ఫర్డ్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు. ఇవాల్ ఉన్న ఆ పేపర్ 1960లో అచ్చయింది. దాని పేరు చివర మొదటి భాగం అని ఉంటుంది. రెండో భాగం ఆయన ఎప్పుడూ ప్రచురించలేదు.