ఎర్ర పిట్ట రాసుకున్న బాల్యం: జిట్కాలా షా (1876–1938)

ఈ సంచికలో మన పెద్దల జీవితాలతో పాటు ఒక దూరదేశపు ఆదివాసీ ఆడబిడ్డ జీవితాన్ని కూడా చేర్చాం. హాస్టళ్లలో ఉండి చదువుకునే మన పిల్లలకు ఆమె కథ కొత్తగా అనిపించదని మా నమ్మకం.

జిట్కాలా షా 1876 ఫిబ్రవరి 22న అమెరికాలోని యాంక్టన్ డకోటా తెగలో పుట్టారు. బడి రికార్డుల్లో ఆమె పేరు గెర్‌ట్రూడ్ సిమ్మన్స్. జిట్కాలా షా అన్నది పెద్దయ్యాక తనకు తానే పెట్టుకున్న పేరు. లకోటా భాషలో ఎర్ర పిట్ట అని దాని అర్థం. తండ్రి తెల్లవాడు, ఆమె పుట్టకముందే వెళ్లిపోయాడు. మిస్సోరీ నది ఒడ్డున, తల్లి నీడలో పెరిగింది.

తల్లి నది నుంచి నీళ్లు మోసుకొస్తుంటే వెంట తిరిగేది. పక్కన కూర్చుని తోలు మీద పూసలు కుట్టడం నేర్చుకునేది. నమూనా పిల్లే ఆలోచించుకోవాలి. రెండు వైపులా సరిగ్గా కుదరకపోతే మాత్రం తల్లి ఒప్పుకునేది కాదు. సాయంత్రం ఇరుగుపొరుగు పెద్దలను భోజనానికి పిలుచుకొచ్చే పని ఆ పిల్లదే. తిన్నాక వాళ్లు చెప్పే పాత కథలు తల్లి ఒడిలో తలపెట్టుకుని వినేది.

ఒకరోజు తల్లి లేనప్పుడు ఒక ముసలాయన ఇంటికొచ్చాడు. వచ్చినవాళ్లకు ఏదో ఒకటి పెట్టాలని పిల్లకు తెలుసు. ఆరిపోయిన బూడిద మీద, పాత కాఫీ పిప్పిలో నది నీళ్లు పోసి, ఆ బురద నీళ్లనే ఆయనకు ఇచ్చింది. ఆయన నవ్వలేదు, మర్యాదగా అందుకున్నాడు. ఇంటికొచ్చిన తల్లి కూడా తిట్టలేదు. అతిథిని ఆదరించాలన్న పిల్ల మనసును ఇద్దరూ గౌరవించారు.

ఎనిమిదో ఏట, 1884లో, క్రైస్తవ మిషనరీలు ఊరికి వచ్చారు. తూర్పున ఎర్రటి ఆపిల్ పళ్లు దొరుకుతాయని, రైలెక్కవచ్చని పిల్లలకు ఆశ పెట్టారు. తల్లికి ఇష్టం లేకపోయినా చివరకు ఒప్పుకుంది. ఇండియానా రాష్ట్రంలోని వాబాష్‌లో క్వేకర్లు నడిపే బడి అది. వెళ్లగానే జుట్టు కత్తిరించారు. వాళ్ల తెగలో పొట్టి జుట్టు చావు దుఃఖానికి, పిరికితనానికి గుర్తు. పిల్ల మంచం కింద దాక్కుంది. బయటికి లాగి, కుర్చీకి కట్టేసి కత్తిరించారు.

మూడేళ్ల తరువాత ఇంటికొస్తే అక్కడా ఇమడలేకపోయింది. బడికి పరాయి, ఇంటికీ సగం పరాయి. మళ్లీ బడికి వెళ్లి చదువు ముగించి, తల్లి వద్దన్నా ఎర్లామ్ కాలేజీలో చేరారు. 1896లో రాష్ట్ర వక్తృత్వ పోటీలో నిలబడితే, ఆమె జాతిని కించపరిచే బ్యానర్ ఎత్తి పట్టుకున్నారు. ఆమె మాట్లాడి రెండో బహుమతి తీసుకున్నారు.

తరువాత కార్లైల్ ఇండియన్ స్కూల్‌లో టీచరయ్యారు. కొత్త పిల్లలను తీసుకురమ్మని ఆమెను సొంత ప్రాంతానికే పంపారు. చిన్నప్పుడు తనను రైలెక్కించిన పనే ఇప్పుడు తన చేతికొచ్చింది. ఊళ్లో తల్లి ఇల్లు శిథిలమై ఉంది, చుట్టూ తెల్లవాళ్లు స్థిరపడుతున్నారు. ఆ ఉద్యోగం వదిలి బోస్టన్ వెళ్లి వయొలిన్ నేర్చుకుంటూ రాయడం మొదలుపెట్టారు.

1900లో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో వరుసగా మూడు నెలలు ఆమె వ్యాసాలు వచ్చాయి. అందులో ఏముంది? నది నీళ్లు, పూసలు, బురద కాఫీ, కత్తిరించిన జడ. ఆదివాసులు అనాగరికులు, వాళ్లకు నాగరికత నేర్పాలి అని దేశమంతా అనుకుంటున్న రోజులవి. ఆ ముసలాయన మర్యాద గురించి చదివాక ఎవరికి ఎవరు నేర్పాలో పాఠకులే తేల్చుకోవాలి. కార్లైల్ వాళ్లు తమ పత్రికలో ఆమెను కృతఘ్నురాలన్నారు. ఆమె ఆగలేదు. చిన్ననాడు విన్న కథలను 1901లో పుస్తకంగా తెచ్చారు. 1913లో ఒక సంగీత నాటకానికి పనిచేశారు. 1916, 1917 ప్రాంతంలో తన ప్రజల మీద కవితలు ప్రచురించారు. 1921లో ‘అమెరికన్ ఇండియన్ స్టోరీస్’ వచ్చింది. ఆదివాసుల ఓటు హక్కు కోసం, భూమి కోసం పోరాడారు. 1926లో భర్తతో కలిసి ఒక జాతీయ సంఘం స్థాపించి, 1938 జనవరి 26న కన్నుమూసే వరకు దానికి అధ్యక్షురాలిగా ఉన్నారు.

ఒక బాధ మాత్రం మిగిలింది. ఆమె రాసిన భాష ఇంగ్లీషు, తల్లి ఏనాడూ బడి మెట్లెక్కలేదు. అమ్మ గురించి రాసిన మాటలు అమ్మ సొంతంగా చదువుకోలేనివి.

మన బడులు ఆనాటి బడులు కావు. అయినా ఇంట్లో గోండి, కోయ, కొలామి, సవర మాట్లాడి, తరగతిలో మరో భాషకు మారే పిల్లలకు ఆ బాధ తెలుసు. అందుకే మా కోరిక ఒక్కటే. కవిత కోసం పెద్ద విషయం వెతకకండి. అవ్వతో ఇప్పపువ్వు ఏరిన పొద్దు, వాగు నుంచి తెచ్చిన బిందె, హాస్టల్లో మొదటి రాత్రి, ఇవి చాలు. తెలుగులో రాయండి, మీ ఇంటి భాషలోనూ రాయండి. గుంజాల గోండి లిపి వచ్చినవాళ్లు అందులో రాయండి. రాసింది సెలవుల్లో ఇంటికి తీసుకెళ్లి, మీ అమ్మకు మీ భాషలో చదివి వినిపించండి.