బొమ్మల సేనాని హెచ్. జి. వెల్సు

అరుగుమీద సుద్దముక్కతో గీతలు గీచి పులిమేక యాడుట మన తరిగొప్పుల బాలురకు దెలిసినదే. అట్టి యాటకు యుద్ధరంగ రూపమిచ్చి, దానిమూలముననే యుద్ధముయొక్క అవివేకమును జూపిన ఆంగ్ల గ్రంథకర్త వెల్సు చరిత్రమును మే మిచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

వెల్సు 1866 సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీని ఇంగ్లండునందలి బ్రామ్లీలో జన్మించెను. తండ్రి చిన్న దుకాణదారుడు. బాల్యమున కాలు విఱిగి మంచము పట్టినపు డతనికి గ్రంథపఠనమందు రుచి గలిగెను. పేదఱికముచే బట్టల దుకాణమున పని నేర్వవలసివచ్చి మిక్కిలి దుఃఖించెను. అయినను చదువు విడువక, 1884లో విద్యార్థివేతనము సంపాదించి లండనులో హక్స్‌లీ పండితునియొద్ద జీవశాస్త్ర మభ్యసించెను. 1895లో వెలువడిన టైమ్ మెషీన్ అను నవల యతనికి గొప్ప కీర్తి దెచ్చెను.

బల్లమీది యుద్ధక్రీడ వెల్సునకు బూర్వమే కలదు. 1780లో బ్రన్స్‌విక్ నగరమున హెల్విగ్ అను గణితోపాధ్యాయుడు చదరంగమును విస్తరించి యుద్ధక్రీడ గావించెను. పిమ్మట ప్రష్యా సేనానాయకు లట్టిదానిని శిక్షణకై వాడిరి. వెల్సు తన యిద్దఱు కుమారులతో నేలపై బొమ్మలాట లాడినవాడు; ఆ యుద్ధక్రీడను సామాన్యుల యింటికి దెచ్చి, 1913లో లిటిల్ వార్స్ అను గ్రంథమున దాని నియమములను బ్రకటించెను. సీసపు సిపాయి యొక యెత్తుకు ఒక అడుగు, రౌతు రెండడుగులు నడువవలెను. చిన్న ఫిరంగి కొయ్యముక్కను విసరి బొమ్మలను బడగొట్టును. సమబలములు చేరువను బోరినచో నిరువైపులవారును నశింతురు.

ఈ యాటను నాలుగుమాఱు లాడినవాడు నిజమైన యుద్ధ మెంతటి పొరపాటుల పుట్టయో గ్రహించునని వెల్సు తలంచెను. మఱుసటి సంవత్సరమే మహాయుద్ధము వచ్చెను. అది యుద్ధములకు దుది యగునని నమ్మి యతడే దానిని సమర్థించెను. ఆ నమ్మిక వమ్మయ్యెను. తరువాత సర్వమానవుల హక్కులకై పాటుపడి, 1946 ఆగస్టు 13వ తేదీని మరణించెను.

నేటికిని ఫ్రెడరిక్ రాజు కాలపు ఐరోపా యుద్ధములను బల్లలపై బొమ్మలతో నాడువారు గలరు. ఆ సప్తవర్ష సంగ్రామముయొక్క శాఖయే 1758 డిసెంబరులో మన తెలుగుదేశమందు చందుర్తి పొలములను రక్తసిక్త మొనర్చినది. ఆట ముగియగానే పడిన బొమ్మలను మరల నిలుపుదుము. చందుర్తిలో బడినవారు మరల లేవలేదు. బాలురారా, ఆడుకొనుడు, ఈ భేదమును మాత్రము మఱువకుడు.