జి.డి. నాయుడు గారి బస్సులు, మా డిపో గోనెసంచి

ఈ ప్రత్యేక సంచికకు రవాణా రంగంలో పేరుపొందిన ఒక పెద్దమనిషి జీవితాన్ని గురించి వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. ఉద్యోగ జీవితమంతా డిపో గ్యారేజీలో స్పేరు పార్టుల మధ్య గడిపినవాడిని గనుక నాకు వెంటనే కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు గుర్తుకు వచ్చారు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. తమిళనాట పుట్టి పెరిగినా ఇంటి భాష తెలుగే.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో, రైతు కుటుంబంలో జన్మించారు. తల్లి చిన్నతనంలోనే పోయింది. బడి చదువు అంటలేదు. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు మీద ఊళ్ళోకి రావడం చూశారు. ఎద్దు లేకుండా బండి నడవడం ఆయన మనసులో నాటుకుపోయింది. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరి, పైసా పైసా కూడబెట్టి చివరకు మోటారు సైకిలు కొన్నారు. కొన్నవాడు ఊరేగాలి కదా! ఈయన దానిని ముక్కముక్కగా విప్పి, తిరిగి బిగించి, అది ఎందుకు నడుస్తుందో తెలుసుకున్నారు. మన మెకానిక్కు సోదరులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

తరువాత పత్తి వ్యాపారం చేసి బొంబాయి వెళ్ళి నష్టపోయారు. తిరిగివచ్చి, రాబర్ట్ స్టేన్స్ అనే దొర సాయంతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి - పళని మధ్య తానే తోలారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌కు పునాది.

ఆ రోజులను తలచుకుంటే నాకు ముందుగా తోచేది స్పేరు సంగతే. బస్సు ఛాసిస్, ఇంజను భాగాలు అన్నీ ఓడమీద రావలసిన కాలం. ఒక్క బస్సు ఉన్నవాడు ఒక్కొక్క భాగానికీ ఒక స్పేరు కొని దాచాలంటే మరో బస్సు కొన్నంత ఖర్చు. కొనకపోతే, చిన్న ముక్క విరిగినా బండి మూలపడుతుంది. బస్సులు పెరిగిన కొద్దీ ఈ చిక్కు సడలుతుంది. వంద బస్సులకు వంద స్పేరు ఇంజన్లు అక్కరలేదు, నాలుగైదు ఉంటే చాలు. నాయుడు గారి కంపెనీ దక్షిణాన పేరుమోసినదిగా ఎదగడంలో సొంత పనివాళ్ళ వల్లా, సొంత వర్క్‌షాపు వల్లా కలిగిన మేలు ఇటువంటిదేనని నా అనుభవాన్ని బట్టి అనుకుంటాను.

ఆ అనుభవం ఏమిటో కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒక డిపో నుండి కొల్లేరు మీదుగా కైకలూరు వైపు బస్సులు తిరిగేవి. పాడైన సెల్ఫ్ స్టార్టర్లను వర్క్‌షాపుకు పంపే బాధ్యత నాది. రెండు మూడు పీసుల కోసం లారీ ఎందుకు దండగ, పది పోగైనాక పంపుదామని గోనెసంచిలో వేసి ఒక మూల పెట్టించేవాడిని. పొదుపు చేస్తున్నానని లోలోపల గర్వం కూడా ఉండేది. ఒక వానాకాలం కొల్లేరు పొంగి ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికి నీళ్ళు వచ్చాయి. వారం తిరిగేసరికి ఆరు బస్సుల స్టార్టర్లు తడిసి పోయాయి. చేతిలో ఉన్నవి రెండు. మిగతావి ఆ గోనెసంచిలో! కండక్టర్లు, ప్రయాణికులు కలిసి నెట్టి స్టార్టు చేయించారు. ఒక రాత్రి ఆఖరి ట్రిప్పు రద్దయింది. ఏలూరులో చేపలమ్ముకుని లంక గ్రామాలకు తిరిగి వెళ్ళవలసిన ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు తలకింద పెట్టుకుని బస్టాండులోనే పడుకున్నారు. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు ఎవరిదో వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. మర్నాడు తాడేపల్లిగూడెం నుండి రెండు స్టార్టర్లు అడిగి, బస్సులోనే వేయించి తెప్పించుకున్నాం.

తరువాత కూర్చుని లెక్క వేశాను. నెలకు సగటున 5 స్టార్టర్లు పాడవుతాయనుకోండి. విప్పినది బాగై తిరిగి రావడానికి 18 రోజులు పడితే, ఎప్పుడు చూసినా సగటున 3 బయటే ఉంటాయి. అయితే మూడు స్పేర్లు చాలుననిపిస్తుంది. చాలవు. పార్టులు క్యూలో నిలబడి వంతు ప్రకారం పాడవవు కదా. మూడే ఉంచితే నూటికి 35 రోజులు ఏదో ఒక బస్సుకు స్టార్టరు ఉండదు. ఐదు ఉంచితే అటువంటి రోజులు నూటికి 8. అదే వెళ్ళి వచ్చే కాలాన్ని 6 రోజులకు కుదిస్తే, మూడు స్పేర్లతోనే నూటికి 2 రోజులు! నా గోనెసంచి ఆ 18 రోజులను ఇంకా పొడిగించింది. అంతేకాదు, ఇటువంటి రెండు డిపోలు విడివిడిగా ఐదేసి ఉంచుకుంటే పది కావాలి. ఒకే చోట కలిపి ఉంచుకుంటే తొమ్మిదితోనే అదే ధీమా. ఒక్కటేగా తగ్గింది అనకండి, స్టోర్సులో అటువంటి ఐటములు వందలుంటాయి.

బాగుచేయించడం ఎప్పుడూ లాభమే అనుకోవడమూ పొరపాటే. కొత్తది 6,000 రూపాయలై లక్ష కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. 2,500తో బాగుచేసినది యాభై వేలు నడిస్తే, లక్షకు 5,000 పడుతుంది, మేలే. అదే పీసు మూడోసారి వచ్చి 3,500 అడిగితే, లక్షకు 7,000. అప్పుడది తుక్కులోకి పోవాలి. ఏ పీసు ఎన్నిసార్లు వచ్చిందో నంబరు కొట్టి ఉంచకపోతే ఇది తెలియనే తెలియదు. నంబర్లు కొట్టించడం నేను ఆ వానాకాలం తరువాతే మొదలుపెట్టాను. ఉన్నవి ఉన్నట్టు వారానికొకసారి రూటు బస్సు మీదే పంపడం కూడా అప్పటి నుంచే.

మళ్ళీ నాయుడు గారి దగ్గరికి వద్దాం. విడిభాగాలను బాగుచేయడంతో ఆయన ఆగలేదు, యంత్రాలనే తయారుచేయించారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశీయ ఎలక్ట్రిక్ మోటారును తెచ్చారు. రసంత్ అనే విద్యుత్ రేజరు, చవక రేడియో, పళ్ళరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను వంటివెన్నో ఆయన పేరిట ఉన్నాయి. పత్తి, బొప్పాయి పంటల మీద కూడా ప్రయోగాలు చేశారు. 1936 ఎన్నికలలో నిలబడి ఓడిపోయారు. 1944లో మోటారు వ్యాపారం నుండి తప్పుకుంటూ, పరిశోధనకూ, తన పనివారి సంక్షేమానికీ ధనం కేటాయించారు. రిటైరైనవారం, ఈ చివరి మాట మనకు ఇంపుగానే ఉంటుంది.

1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడడానికి ఆయనే కారకులు. ఆ కళాశాలే తరువాత గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. బడి చదువు అంటని మనిషి అక్కడ ప్రిన్సిపాలుగా కూర్చున్నారు. ఇంజనీరుకు నాలుగేళ్ళ చదువు దండగ, చేతిలో పని ఉంటే అంతకన్నా తక్కువ కాలంలోనే నేర్పవచ్చునన్నది ఆయన పట్టుదల. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన పదవి వదులుకున్నారు. ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షం కాదు. పైన చెప్పిన లెక్క వర్క్‌షాపులో రెంచీ పట్టుకుంటే రాలేదు, రాత్రిపూట పుస్తకం పట్టుకుంటే వచ్చింది. కానీ ఆ లెక్క ఎందుకు కావాలో చెప్పింది మాత్రం గోనెసంచే.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉంది, పాత కార్ల మ్యూజియం కూడా ఉంది. అటు వెళ్ళే మన సభ్యులు మనుమలను వెంటబెట్టుకుని ఒక పూట చూసి రావచ్చు.